నేర్పితే వచ్చే పాటేనా?

(స్కాట్లండ్‌లో ఏళ్ల తరబడి బడిపిల్లలకి సంగీతం చెప్పి రిటైరైన అత్తయ్యకీ, ఎడిన్‌బరోలో జానపద విజ్ఞానం చదువుతున్న ఆవిడ మేనల్లుడికీ మధ్య నడిచిన వాదన ఇది. గాయని జీన్ రెడ్‌పాత్ మీద అతను రాసిన వ్యాసం దగ్గర మొదలైంది.)

అత్తయ్య: నీ వ్యాసం చదివానురా. పుట్టుక, చదువు, రికార్డులు అన్నీ బాగానే కూర్చావు. చివర్లో మాత్రం ఆవిణ్ణి సంప్రదాయ గాయని అనడానికి వీల్లేదని తేల్చేశావు. ఆ ముక్క నాకు మింగుడుపడలేదు.

మేనల్లుడు: గొంతు గొప్పదే అత్తయ్యా. ఆ మాట రాశాను కూడా. నా అభ్యంతరమల్లా ఆ పాట నడిచిన దారి మీదే. 1961లో, ఇంకా పాతికేళ్లు నిండకుండానే అమెరికా వెళ్లింది. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో బాబ్ డిలన్ లాంటివాళ్లు మసలే ఇంట్లో ఉంది. గెర్డీస్ ఫోక్ సిటీ క్లబ్బులో పాడింది, పత్రికలు మెచ్చుకున్నాయి, ఎల్పీ రికార్డులు వచ్చాయి. తర్వాత కనెక్టికట్‌లో వెస్లియన్ యూనివర్సిటీ. రేడియోలో గారిసన్ కీలర్ కార్యక్రమం. 1977లో ఎడిన్‌బరో కోటలో రాణిగారి విందులో పాట, 1987లో ఎం.బి.ఇ. బిరుదు. చివరికి 2014లో అరిజోనాలో, టూసన్‌లో కన్నుమూసింది. ఇది ఒక కచేరీ కళాకారిణి జీవితం. బాగా సాగిన జీవితం. దీన్ని కూడా సంప్రదాయం అనేస్తే జీనీ రాబర్ట్‌సన్‌ని ఏమనాలి?

అత్తయ్య: జీనీ దగ్గరికి వద్దాం. ఆవిడ పేరెత్తకుండా ఈ మాట తేలదు. ముందు రెడ్‌పాత్ ఎక్కడ మొదలైందో చూడు, నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. 1937లో ఎడిన్‌బరోలో పుట్టింది, పెరిగింది ఫైఫ్ తీరంలో లీవెన్ అనే ఊళ్లో. అమ్మకి బోలెడు పాటలొచ్చు. నాన్న డల్సిమర్ వాయించేవాడు, తీగల మీద చిన్న సుత్తులతో కొట్టే వాద్యం. ఇంట్లో మాటా స్కాట్సే, పాటా స్కాట్సే. బళ్లో మాత్రం ఇంగ్లీషు. స్కాట్స్ మాట నోట వస్తే మొరటుతనమని టీచర్లు దిద్దిన కాలం అది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్ల యూనివర్సిటీలో మధ్యయుగాల చదువు చదువుతూ, జానపద పాటలు సేకరించే హేమిష్ హెండర్సన్ దగ్గరికి చేరింది. ఆయన పనిచేసే స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ పెట్టింది 1951లో. అక్కడ ఊరూరా తిరిగి టేపుల మీద ఎక్కించిన పాటలున్నాయి. అమ్మ పనిచేసుకుంటూ పాడుకునేలాంటి పాటల్ని పెద్దవాళ్లు భద్రంగా దాచి చదువుతున్నారని ఆ పిల్ల చూసింది. డిగ్రీ పూర్తి చెయ్యకుండానే వెళ్లిపోయింది. పాటలు మాత్రం వెంట తీసుకెళ్లింది.

మేనల్లుడు: అదే కదా నేననేది. అమ్మ పాటలతో పాటు ఆ టేపుల పాటలు కూడా తీసుకెళ్లింది. ఆ టేపుల్లో ఉన్న గొంతులు ఎవరివి? 1953లో హెండర్సన్ అబర్డీన్‌లో వాకబు చేస్తూ జీనీ ఇంటి తలుపు తట్టాడు. ట్రావెలర్ల ఆడమనిషి. ఆ సంచార కుటుంబాలు తగరపు సామాను చేసి అమ్మేవాళ్లు, గుర్రాల బేరాలు చేసేవాళ్లు, ఎండాకాలం బ్లెయిర్‌గౌరీ చుట్టుపక్కల తోటల్లో రాస్ప్‌బెరీలు కోసేవాళ్లు. ఊళ్లో వాళ్లు వీళ్లని చూసి ముఖం తిప్పుకునేవాళ్లు. అలా వెలివేసినట్టు చూసిన జనం నోట్లోనే ఐదారు తరాలుగా ఆ పాత కథాగేయాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ‘సన్ డేవిడ్’ విన్నారు కదా మీరు?

అత్తయ్య: వినకపోవడమేమిటి?

మేనల్లుడు: తల్లి అడుగుతుంది, కత్తి మీద నెత్తురేమిటని. కొడుకు ఒక జంతువు పేరు చెప్తాడు. ఆ నెత్తురు ఇంత ఎరుపుండదంటుంది. ఇంకో జంతువు పేరు చెప్తాడు, దానికీ ఒప్పుకోదు. చివరికి తమ్ముడిదని ఒప్పుకుంటాడు. ఫ్రాన్సిస్ చైల్డ్ కూర్చిన 305 కథాగేయాల్లో ఇది పదమూడోది, ‘ఎడ్వర్డ్’. పుస్తకంలో చదివితే హత్య కథ. జీనీ పాడితే ఒక తల్లి బిడ్డను పోగొట్టుకుంటున్న వేళ. నింపాదిగా, ఏ వాద్యమూ లేకుండా, ప్రతి మాట మీదా నిలబడి పాడుతుంది. ఆ పాట ఆవిడ కూతురు లిజీ హిగిన్స్‌కి ఎలా వచ్చింది? పాఠంగా రాలేదు. తండ్రి బ్యాగ్‌పైప్ వాయించేవాడు, లిజీ పాటలో ఆ పైపు గమకాలు దొర్లుతాయి. పగలు చేపలు కోసే పని, సాయంత్రం ఇంట్లో పాట. దాన్ని నేను సంప్రదాయం అంటాను. రెడ్‌పాత్ మొదట్లో గిటార్ పట్టుకుని పాడింది, టికెట్టు కొన్న జనానికి పాడింది, ఫీజు కట్టిన వాళ్లకి నేర్పింది.

అత్తయ్య: ఫీజు మాట ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. గ్లాస్గో పిల్ల రే ఫిషర్ అబర్డీన్ వెళ్లి వారాల తరబడి జీనీ ఇంట్లో ఉండి నేర్చుకుంది. ఆ పిల్ల ట్రావెలర్ కాదు, చుట్టం కాదు. నువ్వు మా మనిషివి కాదు పొమ్మని జీనీ అనలేదే? అడిగి వచ్చిన వాళ్లకల్లా పాట ఇచ్చింది. ఆ పిల్లకి జీనీ పేరు తెలియజేసింది నార్మన్ బకన్. ఆయన రదర్‌గ్లెన్‌లో బడిపంతులు. బళ్లో పిల్లలకి కథాగేయాల క్లబ్బు పెట్టాడు, 1962లో ‘101 స్కాటిష్ సాంగ్స్’ అని చిన్న ఎర్ర పుస్తకం తెచ్చాడు. ఈ జానపద పాటల పునరుజ్జీవనం సగం బడిపంతుళ్లు మోసిందేరా. ఆ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

మేనల్లుడు: ఇంట్లో ఉండి నేర్చుకోవడం వేరు, క్లాసులో నేర్చుకోవడం వేరు. ఇంట్లో ఉన్న వాళ్లకి పాటతో పాటు ఆ మనిషి కోపం, నవ్వు, ఎవరిని ఎందుకు తిట్టుకుంటుందో అంతా తెలుస్తుంది. క్లాసులో పాట ఒక్కటే వస్తుంది.

అత్తయ్య: మరి అన్నా గోర్డన్ సంగతేమిటి? 1747లో పుట్టింది. తండ్రి అబర్డీన్ కింగ్స్ కాలేజీలో ప్రొఫెసరు. చదువుకున్న ఇల్లు. ఆవిడకి కథాగేయాలు వచ్చింది తల్లి తోబుట్టువు దగ్గరా, తల్లి దగ్గరా, ఇంట్లో ఉన్న ముసలి దాది దగ్గరా. ఆవిడ చెప్పి రాయించిన పాఠాలకి చైల్డ్ ఎంత విలువిచ్చాడో నీకే బాగా తెలుసు. ప్రొఫెసరు కూతురు పాడితే సంప్రదాయమైనప్పుడు, లీవెన్‌లో మామూలు ఇంటి పిల్ల పాడితే ఎందుకు కాదు? పుస్తకం ముట్టుకోని జనం నోటే పాట పవిత్రంగా ఉంటుందన్నది చదువుకున్న వాళ్లు కట్టుకున్న ఊహ. స్కాట్లండ్‌లో పుస్తకమూ నోరూ మూడొందల ఏళ్లుగా ఒకదాని దగ్గర ఒకటి అప్పు తెచ్చుకుంటూనే ఉన్నాయి.

మేనల్లుడు: అప్పు తీర్చింది ఎవరు, తీర్చనిది ఎవరు అన్నది కూడా చూడాలి. వాల్టర్ స్కాట్ 1802లో సరిహద్దు ప్రాంతాల పాటలు అచ్చేశాడు. రచయిత జేమ్స్ హాగ్ తల్లి మార్గరెట్ లెయిడ్‌లా ఆయన్ని ముఖం మీదే అడిగింది. అవి పాడుకోడానికి పుట్టినవి గానీ చదువుకోడానికి కాదనీ, అచ్చులో పెట్టి వాటి ప్రాణం తీశావనీ, ఇక ఎవరూ పాడరనీ నిలదీసింది. పాట కలిగిన మనిషి, పాట పట్టుకెళ్లే మనిషిని చూసి అన్న మాట అది. నా వ్యాసానికి వెన్నెముక అదే.

అత్తయ్య: ఆవిడ మాట నాకూ గుండెల్లో గుచ్చుకునేదే. ఎట్రిక్ కొండల్లో గొర్రెలు మేపుకునే కుటుంబం, ఎదురుగా అంత పెద్దమనిషి, జంకు లేకుండా అడిగింది. కానీ ఆవిడ భయపడినట్టు జరగలేదు. నూటయాభై ఏళ్ల తర్వాత హెండర్సన్ టేపు రికార్డరు పట్టుకుని వెళ్తే పాటలు గుంపులు గుంపులుగా ఎదురొచ్చాయి. అచ్చు వాటిని చంపలేదు. చంపుతున్నదేదైనా ఉంటే అది నువ్వు మాట్లాడేది మొరటు భాష అని బళ్లో పిల్లలకి నూరిపోసిన సిగ్గు. ఆ సిగ్గును పోగొట్టింది రెడ్‌పాత్ లాంటివాళ్లు. బళ్లో దిద్దిన భాషలోనే రాణిగారి ముందు నిలబడి పాడింది. ఫైఫ్‌లో ఒక తల్లి రేడియోలో ఆ గొంతు విని, ఇది మా అమ్మ పాడే పాటే కదా అనుకుంటే, ఆ ఇంట్లో పాట మళ్లీ తల ఎత్తుకుంటుంది.

మేనల్లుడు: సెర్జ్ హోవీ సంగతి దాటేస్తున్నారు. ట్రావెలర్ పాటను వదిలేద్దాం. రాబర్ట్ బర్న్స్ పాటలకి ఆయన వాద్య బృందంతో హంగులు కట్టాడు, రెడ్‌పాత్ పాడింది. చెల్లో, ఫ్లూట్ నడుమ ఆ పాట ఏ పల్లెదో పోల్చుకోలేం. అది డ్రాయింగ్‌రూమ్ సంగీతం.

అత్తయ్య: హోవీ గురించి అంత తేలిగ్గా అనకు. అమెరికన్ స్వరకర్త. బర్న్స్ పాటలు 324 తీసుకుని, ఒక్కొక్క దానికీ బర్న్స్ ఏ బాణీ అనుకున్నాడో వెతికి పట్టుకుని స్వరరచన చేశాడు. దశాబ్దాల పని. నరాల జబ్బు వచ్చి ఒళ్లు చచ్చుబడిపోతున్నా ఆపలేదు. మొత్తం 22 సంపుటాలుగా రికార్డు చెయ్యాలనుకున్నారు, ఏడు పూర్తయ్యాయి. 1989లో ఆయన పోయాడు. బర్న్స్ పాటకి హంగు కట్టడం హోవీతో మొదలైందా? ఎడిన్‌బరోలో జార్జ్ థామ్సన్ ఆ పాటల బాణీలు హైడన్‌కీ, బీథోవెన్‌కీ పంపి పియానో, వయొలిన్లతో రాయించాడు.

మేనల్లుడు: ఏం జరిగిందో కూడా చెప్పండి. పాట మాటలు పంపకుండా బాణీ ఒక్కటే పంపేవాడు. మాటలేవీ అని బీథోవెనే అడగాల్సి వచ్చింది. నేను భయపడేది సరిగ్గా దానికే.

అత్తయ్య: నేను హోవీని మెచ్చుకునేదీ సరిగ్గా దానికే. థామ్సన్ చేసిన దాన్ని ఆయన తిరగేశాడు. ‘ఆల్డ్ లాంగ్ సైన్’నే తీసుకో. 1796లో జేమ్స్ జాన్సన్ ‘స్కాట్స్ మ్యూజికల్ మ్యూజియం’ ఐదో సంపుటంలో ఒక బాణీతో వచ్చింది. ఆ ఏడే బర్న్స్ చనిపోయాడు. 1799లో థామ్సన్ వేరే బాణీతో వేశాడు. కొత్త సంవత్సరం రాత్రి ప్రపంచమంతా చేతులు పట్టుకుని పాడేది ఆ రెండోది. పాత బాణీ వింటే అదొక నెమ్మదైన, దిగులు నిండిన పాట. ఇలాంటివి తవ్వి తీసే మనిషి కావాలి, దాన్ని మళ్లీ నోటికి ఎక్కించే గొంతు కావాలి. బర్న్స్ కూడా చేసిందదే కదా. ఆ మ్యూజియంలో ఆరొందల పాటలుంటే మూడో వంతు దాకా ఆయన రాసినవో, ఎవరి నోటో విని దిద్దినవో. ఆ పనికి డబ్బు తీసుకోనన్నాడు.

మేనల్లుడు: డబ్బు తీసుకోనన్నాడు. ఆ మాట మీరే అన్నారు.

అత్తయ్య: అన్నాను. అందుకు ఆయన పడ్డ పాట్లు కూడా తెలుసు. గాయని బతకొద్దా?

మేనల్లుడు: బతకాలి. లిజీ కూడా బతకాలి కదా? తల్లి దగ్గర ఉన్న పాటలకి అంత పేరొచ్చాక కూడా ఆవిడ చేపల పనిలోనే ఉంది. జీనీకి 1968లో బిరుదిచ్చారు, సంతోషమే. కానీ ఆ పాటలతో సెమిస్టర్లు నడిపిన వాళ్లు, జీతాలు అందుకున్న వాళ్లు ఎంతమంది ట్రావెలర్లు? ఇది ఒక్క రెడ్‌పాత్ తప్పని నేననడం లేదు. ఆవిడ జీవితం ఆ తేడాను దాచకుండా చూపిస్తుందంటున్నాను.

అత్తయ్య: దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించను కూడా. అయితే ఆవిడ ఆ తేడాను మాటల కింద కప్పిపెట్టలేదు. స్కాట్లండ్ గాయకుల్లో ఒక మర్యాద ఉంది, పాట ఎత్తుకునే ముందు అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పడం. ఏదో ఊళ్లో ఫలానా ముసలావిడ దగ్గర, టేపులో ఫలానా ఆయన దగ్గర అని. రెడ్‌పాత్ సభల్లో పాటకీ పాటకీ మధ్య ఎంత మాట్లాడేదో రికార్డుల్లో వినిపిస్తుంది. పాట ఎక్కడ పుట్టింది, ఏ మాటకి ఏ అర్థం, ఎవరు పాడేవాళ్లు, అన్నీ నవ్విస్తూనే చెప్పేది. అది కచేరీ మధ్యలో నడిచే బడి. తనని జానపద గాయని అంటే ఆవిడకి నచ్చేది కాదు. ఆ చీటీ తగిలించుకోవడం ఇష్టం లేదనేది.

మేనల్లుడు: వెస్లియన్ యూనివర్సిటీ జనం ఆ చీటీ చూసే పిలిచారు కదా.

అత్తయ్య: వెస్లియన్ గురించి నీకొక సంగతి చెప్పాలి, అది మన భాషకి సంబంధించింది. ఆవిడ అక్కడ 1972 నుంచి 1976 దాకా ఆస్థాన కళాకారిణిగా ఉంది. అదే యూనివర్సిటీలో 1963 నుంచి టి. రంగనాథన్ మృదంగం చెప్తున్నాడు. తర్వాత ఆయన తమ్ముడు విశ్వనాథన్ కూడా అక్కడ చేరి పిల్లనగ్రోవి, పాట చెప్పాడు. బాలసరస్వతి సోదరులు వాళ్లు. వాళ్ల దగ్గర అమెరికా పిల్లలు నేర్చుకున్న కృతుల్లో త్యాగరాజువి ఎన్నున్నాయో లెక్కేసుకో. అక్కడి విద్యార్థి జాన్ హిగిన్స్ తిరువయ్యారు ఆరాధనలో పాడాడు. చెప్పింది తమిళులు, నేర్చుకున్నది అమెరికన్లు, పాట తెలుగు. ఆ ఆవరణలోనే లీవెన్ పిల్ల తన అమ్మ పాటలు చెప్పింది. దానివల్ల త్యాగరాజు పాటకి ఏం తక్కువైంది?

మేనల్లుడు: తక్కువైంది అత్తయ్యా. మాట తక్కువైంది. ఎన్ని కచేరీల్లో తెలుగు మాట ఎక్కడ విరగాలో తెలియక సాహిత్యం నలిగిపోతుందో మీరే నాతో అన్నారు. రాగం నేర్పగలిగారు, ఆ మాటతో ఇంట్లో తిట్టుకునే, బుజ్జగించే అలవాటు నేర్పలేరు. ఇంకోటి కూడా ఉంది. కృతి మొదటి నుంచీ గురువు శిష్యుడికి కూర్చోబెట్టి చెప్పిన విద్య. జీనీ పాటకి గురువు లేడు, పాఠం లేదు. మొదటిదాన్ని యూనివర్సిటీలో పెడితే ఇల్లు మారినట్టు. రెండోదాన్ని పెడితే దాని పుట్టుకే మారిపోయినట్టు.

అత్తయ్య: ఇది గట్టి మాట. నీ వ్యాసంలో ఉన్న వాటికన్నా గట్టిది. నా వైపు నుంచి ఒక్కటే చెప్తాను, నేను బళ్లో చూసింది. పాట నేర్పేటప్పుడు కాగితం ఇస్తే పిల్లలు కాగితం వంక చూస్తారు. ఇవ్వకపోతే నీ నోటి వంక చూస్తారు. ఒక్కొక్క వరుసా పాడి, వాళ్లచేత పాడించి, కథ ఏమైందో వాళ్లచేతే చెప్పించాలి. ఎవడు ఎవణ్ణి చంపాడు, ఆ అమ్మాయి ఎందుకు పడవెక్కింది, ఇవి తెలిస్తే గానీ గొంతు ఎక్కడ ఆగాలో తెలియదు. అప్పుడు స్కాట్స్ మాట వాళ్ల నాలుక మీద మామూలు మాటలా కూర్చుంటుంది. గ్లాస్గో నడిబొడ్డున పెరిగిన పిల్లలకి పొలంలో కొలువుకుదిరిన పాలేర్ల పాటలు చెప్పాను. వాళ్లెవరూ గుర్రంతో దున్నలేదు, దున్నరు. యజమాని తిండి సరిగ్గా పెట్టకపోతే ఎలా తిట్టుకుంటారో మాత్రం చప్పున పట్టుకున్నారు. జీవితం పూర్తిగా రాదు, ఒప్పుకుంటాను. కొంత వస్తుంది. రెడ్‌పాత్ 1979 నుంచి ఓ పదేళ్లు స్టర్లింగ్ యూనివర్సిటీలో వేసవి పాఠాలు చెప్పింది. అమెరికా నుంచి అందుకోసం వచ్చి చెప్పింది. పాటను అమ్ముకోవడానికే వెళ్లిన మనిషికి ఆ పని ఎందుకు?

మేనల్లుడు: స్టర్లింగ్ సంగతి నేను రాయలేదు. రాస్తాను. కానీ ఈ చదువు ఎటు పోతోందో కూడా చూడండి. 1996లో గ్లాస్గోలోని సంగీత అకాడమీలో స్కాటిష్ సంగీతానికి డిగ్రీ పెట్టారు. మంచి గాయకులే వస్తున్నారు. పరీక్షకి మార్కులుంటాయి, మార్కులకి కొలతలుంటాయి. కొలతకి అందేలా పాడటం అలవాటైతే పదిమంది గొంతులూ ఒక్కలాగే అవుతాయి. జీనీ, లిజీ తల్లీకూతుళ్లై కూడా ఒకలా పాడరు.

అత్తయ్య: ఆ భయం నాకూ ఉంది. అందుకే పాఠం చెప్పే మనిషి ఎవరన్నది ముఖ్యం. డిగ్రీ లేకుండా వదిలేసి వెళ్లిన ఎడిన్‌బరో యూనివర్సిటీయే 2011లో రెడ్‌పాత్‌ని ఆస్థాన కళాకారిణిగా పిలిచింది. అప్పటికి డెబ్బై దాటింది. ఆవిడ చెప్తే పరీక్ష కోసం కాదు. పక్కన ఆ టేపులున్నాయి, ఎదురుగా పాట కడుపులోంచి వచ్చే మనిషి ఉంది. రెండూ ఒకచోట దొరకడం ఎంత అరుదు!

మేనల్లుడు: సరే, ఒకటి అడుగుతాను. హోవీ రాసిపెట్టిన పాటల్లో ఆ పదిహేను సంపుటాలు మిగిలిపోయాయి కదా. ఎవరైనా పూర్తి చెయ్యాలంటారా?

అత్తయ్య: చెయ్యాలి. రెడ్‌పాత్ గొంతు లేదు, ఇంకో గొంతు దొరుకుతుంది. అంత పని అల్మారాలో ఉండిపోకూడదు.

మేనల్లుడు: నేను వద్దంటాను. ఆ ఖర్చే పెట్టగలిగితే అబర్డీన్‌లో, బ్లెయిర్‌గౌరీలో ట్రావెలర్ పిల్లలకి పెట్టాలి. వాళ్ల ముత్తవ్వల టేపులు ముందు వాళ్లకి వినిపించాలి. ఆ పాటలు చెప్పడానికి వాళ్లకొక టీచర్ని పెట్టి జీతమివ్వాలి.

అత్తయ్య: టీచర్నా?

మేనల్లుడు: టీచర్నే. వాళ్లలోంచి వచ్చిన మనిషి అయ్యుండాలి.

అత్తయ్య: ఇది నీ వ్యాసంలో లేదు, ముందు ఇది రాయి. రికార్డులకన్నా ముందు జరగాల్సిందిదే, నేనూ సంతకం పెడతాను. రెడ్‌పాత్ మీద నీ చివరి పేరా కావాలంటే అలాగే ఉంచుకో. దాని మీద నా పేచీ మాత్రం పోదు.